మట్టివాసన వేసే చేప

తెలుగు సాహిత్య విమర్శలో 'మట్టివాసన' అన్న మాటకి ఉన్నంత గౌరవం ఇంకో మాటకి లేదనుకుంటాను. కథా సంకలనాల ముందుమాటల్లో, ఆవిష్కరణ సభల్లో, పుస్తకం చివరి అట్ట మీద ఎక్కడో ఒకచోట అది తగులుతుంది. "ఈయన కథల్లో మట్టివాసన ఉంది" అనేశాక ఆ రచయితకి వేరే కితాబు అక్కర్లేదు. అదే మాట నరసాపురం చేపల మార్కెట్లో అని చూడండి. "ఇది మట్టివాసన వేస్తుందేమో" అన్నారంటే అమ్మే ఆవిడ మొహం మాడిపోతుంది. బేరం అక్కడే సగానికి పడుతుంది.

తమాషా ఏమిటంటే రెండు చోట్లా వాసన ఒక్కటే. పోలికకి అంటున్న మాట కాదిది, రసాయనశాస్త్రం ప్రకారమే. 1964లో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎండిన నేల మీద చినుకు పడితే వచ్చే వాసన గురించి ఒక పరిశోధనా వ్యాసం రాసి, దానికి 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. మన కన్నౌజ్ అత్తరు సాయిబులు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఆ వాసనని చందన తైలంలోకి దింపి 'మిట్టీ అత్తరు'గా అమ్ముతున్నారు. 1965లో అమెరికాలో గెర్బర్, లెషవాలియే అనే ఇద్దరు మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి 'జియోస్మిన్' అన్నారు. గ్రీకులో 'జియో' అంటే భూమి, 'ఆస్మే' అంటే వాసన. అంటే అచ్చంగా మన మట్టివాసనే. తొలకరి వాసనలో ప్రధానమైన భాగం అదే. చేప కూరలో ముక్కు చిట్లించేలా చేసేదీ ముఖ్యంగా అదే. నీటిలో లక్ష కోట్ల పాళ్ళకి ఐదో పదో పాళ్ళున్నా మనిషి ముక్కు పసిగట్టేస్తుంది.

ఒకే పదార్థం పుస్తకంలో ఉంటే మెచ్చుకోలు, పళ్ళెంలో ఉంటే ఫిర్యాదు ఎందుకయింది? ఈ ప్రశ్న పట్టుకుని గోదావరి చివరికి, అంటే వశిష్ఠ పాయ సముద్రంలో కలిసేచోటికి వెళితే, చేపల కథతో పాటు ఆ డెల్టా కథ కూడా కొంత తెలుస్తుంది.

*

నరసాపురం పేరు చెప్పగానే బయటివాళ్ళకి లేసు అల్లికలు గుర్తొస్తాయి. తిండి ప్రియులకైతే పులస. నేను చెప్పబోయేది ఆ రెండూ కాదు. కొయ్యింగ. కొన్నిచోట్ల బొంత అనీ, కత్తిపరిగ అనీ అంటారు. ఇంగ్లీషులో మల్లెట్. గుండ్రటి ఒళ్ళు, పెద్ద పొలుసులు, చదునైన తల, బూడిద రంగు వీపు. చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ ఉండదు. ప్రపంచంలో వెచ్చని సముద్రాలున్న ప్రతి తీరంలోనూ ఈ జాతి ఉంది. సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఏటి మొగల్లోంచి లోపలికి ఎక్కి ఉప్పుటేళ్ళలో, మురుగు కాలువల్లో, మడ అడవుల్లో పెరుగుతాయి.

దీని తిండి మట్టి. నోటినిండా బురద తీసుకుని, అందులోని నాచునీ కుళ్ళిన ఆకుల పొడినీ ఉంచుకుని, మిగతాది ఊసేస్తుంది. కోడికి ఉన్నట్టే దీనికీ గట్టి కండతో చేసిన కందనకాయ ఉంటుంది. మింగిన ఇసుక రేణువులే అందులో తిరగలి రాళ్ళలా పనిచేస్తాయి. చేపకి కందనకాయేమిటి అనిపిస్తే ఈసారి కోయించుకునేటప్పుడు పారేయొద్దని చెప్పి చూడండి.

మట్టి తింటుంది కాబట్టి మట్టి రుచి వస్తుందని అందరం అనుకుంటాం. అందులో కొంతే నిజం. జియోస్మిన్ చేపలోకి ఎక్కువగా మొప్పల ద్వారా ఎక్కుతుంది. చుట్టూ ఉన్న నీటిలో దాన్ని తయారుచేసే నీలి ఆకుపచ్చ నాచు, ఇతర సూక్ష్మజీవులు ఎక్కువగా ఉంటే, చేప ఊపిరి పీల్చినప్పుడల్లా అది లోపలికి వెళ్ళి కొవ్వులో పేరుకుంటుంది. పారే ఉప్పునీటిలో ఈ బెడద తక్కువ. ఉప్పు తగ్గి, నీరు నిలవపడి, ఎండ కాసేచోట ఎక్కువ. మళ్ళీ మంచినీటిలో వదిలితే కొన్ని రోజుల్లోనో కొన్ని వారాల్లోనో ఆ వాసన దానంతట అదే దిగిపోతుంది.

ఈ చివరి సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. చేప రుచి దాని జాతిని బట్టి మాత్రమే రాదు, అది కొన్నాళ్ళుగా ఏ నీటిలో ఉందో దాన్ని బట్టి కూడా వస్తుంది. మా వృత్తిలో సర్వరుకి ఏం జరిగిందో తెలుసుకోడానికి లాగ్ ఫైలు చూస్తాం. కొయ్యింగ ఒళ్ళు ఏటికి లాగ్ ఫైలు లాంటిది. అయితే దాన్ని చదవడం రావాలి.

చదవడం వచ్చినవాళ్ళు ఉన్నారు. నరసాపురంలో గంపలో కొయ్యింగలు పెట్టుకుని కూచున్న ఒక పెద్దావిడని "మంచివేనా అమ్మా?" అని అడిగితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మంచియ్యా అని కాదు బాబూ, ఏ నీరండీ అని అడగాల. ఇయ్యి మొగలోయండి. పొద్దున్న పాటుకి పడ్డాయి. కాలవ చేపయితే నేనే చెప్తాను, ఆయ్" అంది. ఒక్క ముక్కలో చోటూ, వేళా, నాణ్యతా చెప్పేసింది.

*

పట్టడంలోనూ దీనికి ఓ ప్రత్యేకత ఉంది. గేలానికి ఇది సాధారణంగా పడదు. బురద నంజుకునే చేపకి ఎర మీద ఆశ ఎందుకుంటుంది? అందుకే ఇది సరదాకి గేలం వేసుకుని కూచునే దొరల చేప కాలేదు. వల ఉన్నవాడి చేపగానే ఉండిపోయింది. పోటు నీటితో కాలువల్లోకి ఎక్కుతుంది, పాటు నీటితో దిగుతుంది. దిగే వేళకి కాలువ నోటికి అడ్డంగా వల కట్టేవాళ్ళు కొందరు, మోకాలి లోతు నీళ్ళలో విసురువల వేసేవాళ్ళు కొందరు. వల దగ్గరపడిందని తెలిస్తే గాల్లోకి ఎగిరి అవతలికి దూకేస్తుంది. మధ్యధరా తీరంలో ఈ దూకుడు కనిపెట్టి, నిలువు వల వెనకాల నీటి మీద ఇంకో వల పరిచి ఉంచేవారట, దూకింది దూకినట్టు అందులో పడేలా. మన దగ్గర వల పై అంచుని నీటిమట్టం కన్నా ఎత్తులో కడతారు. అమావాస్య, పౌర్ణమి, పోటు, పాటు, గాలివాటం, ఇదంతా తెలిస్తేనే దొరుకుతుంది. పుస్తకంలో రాసి లేదు. తీరంలోని మత్స్యకార కుటుంబాల్లో తండ్రి పక్కన పడవలో కూచుని నేర్చుకున్న విద్య.

వండటం ఇంకో విద్య. మా మామ్మది మొగల్తూరు వైపు. కొయ్యింగ వచ్చిందంటే ఆవిడ దాన్ని ముందు పొయ్యి బూడిదతో, తర్వాత రాళ్ళుప్పుతో బండకేసి రుద్దేది. కడుపు చీల్చాక లోపల ఒక నల్లటి పొర ఉంటుంది. కొయ్యింగ జాతికి అది సహజం. దాన్ని గోటితో గీకి గీకి తెల్లగా వచ్చేదాకా వదిలేది కాదు. "ఆ నలుపు ఉంటే కూరంతా బురదేరా" అనేది. పొట్ట దగ్గరి కొవ్వు తీసేసేది. తర్వాత పసుపు, చిక్కటి చింతపండు పులుసు, ఉల్లిపాయ ముద్ద, పచ్చిమిరపకాయలు, మట్టి దాకలో సన్నటి సెగ. వేసవిలో అయితే పుల్లమామిడి ముక్కలు. గరిటె పెట్టకూడదు, దాక పట్టుకుని తిప్పాలి. తినడం మర్నాడు.

ఇందులో ఏదీ ఊరికే చేసింది కాదు. వాసన కొవ్వులో ఉంటుంది కాబట్టి కొవ్వు తీసేయాలి. ఇక పులుపు. ఘాటైన ఆమ్లం కలిపితే జియోస్మిన్ విరిగిపోయి వాసన లేని పదార్థంగా మారుతుందని ప్రయోగశాలలో తేలింది. చింతపండు అంత బలమైన ఆమ్లం కాదు, పూర్తిగా పోగొట్టలేదు. కానీ మామ్మ వెళ్ళిన దారి అదే. మట్టివాసనని పులుసుతో లొంగదీసి, దాన్ని మట్టి దాకలోనే వండటంలో ఉన్న చమత్కారం ఆవిడకి తెలుసో తెలీదో నేను అడగలేదు.

ఈ చేపని ఇంతలా చిన్నచూపు చూడని దేశాలూ ఉన్నాయి. ఈజిప్టులో దీన్ని ఉప్పులో ఊరబెట్టి 'ఫసీఖ్' అని వసంత పండుగ నాడు తింటారు. దీని జనని ఉప్పేసి ఎండబెడితే ఇటలీలో 'బొట్టర్గా', జపాన్‌లో 'కరాసుమి', రెండూ ఖరీదైన తిండే. అమెరికాలో ఫ్లారిడా ఇసుక తీరం వాళ్ళు మల్లెట్‌ని ఇష్టంగా తింటారు. బురద నీళ్ళ తీరాల్లో దాన్ని ఎరగా వాడేసేవాళ్ళే ఎక్కువ. చేప అదే. అడుగున ఉన్న నేల వేరు.

*

నరసాపురంలో పులస పక్కన పెట్టి చూస్తే తప్ప కొయ్యింగ హోదా అర్థం కాదు. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అనే సామెత తెలియని తెలుగువాళ్ళు అరుదు. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. ఆషాఢ శ్రావణాల్లో గోదావరికి ఎర్రనీళ్ళు రాగానే ఏటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి వస్తుంది, అప్పుడే పులస అవుతుంది. ఏటా వరదల రోజుల్లో ఒక్క చేప వేల రూపాయలు పలికిందని పేపర్లలో ఫొటోతో సహా వస్తుంది. పెద్ద ఇళ్ళకీ, నాయకులకీ, అధికారులకీ కానుకగా వెళ్తుంది. అయితే పులసకి గుర్తు చెప్పే ఆ ఎర్రనీళ్ళంటే ఏమిటి? మట్టే. ఎగువ కొండల్లోంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి. ఆ మట్టి కలిసిన నీరు సముద్రంలోకి తోసుకొచ్చినప్పుడే పులసకి కబురు అందేది. ఒక చేప మట్టిని తిని చవకైంది. ఇంకో చేప మట్టి పిలిస్తే వచ్చి ఖరీదైంది.

ఈ రెండు చేపలనీ ఒకేలా చూసిన పాత పుస్తకం ఒకటుంది. ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. తమ్ముడు అక్కడ కంపెనీ అధికారి. రసెల్ కొన్నాళ్ళు ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. పాముల మీద ఆయన చేసిన పని ప్రసిద్ధం, రక్తపింజరిని ఇంగ్లీషులో ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1803లో ఆయన లండన్‌లో విశాఖ తీరపు రెండువందల చేపల మీద బొమ్మలతో రెండు సంపుటాలు అచ్చువేశాడు. చేపలకి లాటిన్ పేర్లు కనిపెట్టే బదులు జాలర్లు చెప్పిన తెలుగు పేర్లే రాసుకున్నాడు. అందులో 'పలస' ఉంది. 'బొంత' ఉంది. 'కున్నేసి' ఉంది. 'పాలబొంత' ఉంది. తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఆ బొమ్మల ఆధారంగా శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు ఆ తెలుగు మాటలనే లాటిన్‌లోకి లాగేసుకున్నారు. కువియే పులసకి 'క్లూపియా పలస' అని పేరు పెట్టాడు. ఇప్పుడు బెంగాలీ 'ఇలిష' పేరే నిలిచి అది పక్కకెళ్ళింది. కానీ కొయ్యింగ కుటుంబంలో ఒక చేపకి 1836లో వాలెన్సియెన్ పెట్టిన 'కున్నేసియస్' అన్న పేరు ఇప్పటికీ చెల్లుతోంది. ఆ ఒడ్డున వల లాగిన ఎవరో ఒకాయన, మనకి పేరు కూడా తెలియనాయన, నోటితో అన్న మాట ప్రపంచమంతా వాడుతోంది. రసెల్ పుస్తకంలో పెద్దింటి చేప, పేదింటి చేప అని వేరే అధ్యాయాలు లేవు. పక్కపక్క పేజీల్లో వల్లోంచి వచ్చినట్టే వచ్చాయి.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి నది మారింది. 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆర్థర్ కాటన్ ఫొటో పెట్టుకోని ఊరు డెల్టాలో ఉండదు, ఉండక్కర్లేదు కూడా. 1830ల కరువుల తర్వాత ఆ నీరు ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో ఆ జిల్లావాళ్ళకి తెలుసు. అయితే చేపల వైపు నుంచి చూస్తే ఆనకట్ట ఒక గోడ. ఎదురీదే పులసకి దారి అక్కడ తెగింది. చేపలకి దారి విడవని ఇలాంటి అడ్డుకట్టల వల్ల వలస చేపలకి ఏం జరుగుతోందో 1870లలోనే ఫ్రాన్సిస్ డే ప్రభుత్వానికి నివేదిక రాశాడు.

కొయ్యింగకి మాత్రం ఆ మార్పు వేరేలా వచ్చింది. దిగువన పంట కాలువలూ, వాటిని మించి మురుగు కాలువలూ పుట్టాయి. నిదానంగా కదిలే నీరు, మెత్తటి బురద. మట్టి తినే చేపకి కొత్త సీమ దొరికిందనే నేను చదువుకుంటాను. అదే సమయంలో దాని రుచి కూడా రెండుగా చీలి ఉండాలి. మొగ దగ్గరి చేప, మురుగు కాలువ చేప. వేసవిలో కాలువలు కట్టేశాక చేప కొనకూడదని మా ఇంట్లో అనేవారు. నీరు నిలవపడే ఆ నెలల్లోనే వాసన ముదురుతుంది. అంటే 'మట్టివాసన' అని మనం చేప మీద వేసే నింద నిజానికి ఇరిగేషన్ క్యాలెండర్ గురించి.

*

నీటి కథ అక్కడితో ఆగలేదు. 1980ల చివర్లో వరి చేలు రొయ్యల చెరువులవడం మొదలైంది. 1994, 95ల్లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఎన్నో కుటుంబాలు మునిగాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి ఆ చెరువులకి ఒక అథారిటీ ఏర్పరచింది. 2009లో వనామి రొయ్యకి అనుమతి వచ్చాక చెరువులు మళ్ళీ ఊపందుకున్నాయి. ఇంకో పక్క భీమవరం, ఆకివీడు, కొల్లేరు చుట్టూ బొచ్చె, రాగండి చెరువులు. అక్కడి చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాలు, అస్సాం వెళ్తుంది. బెంగాలు, ఒడిశాల నుంచి ఇలస వచ్చి ఇక్కడ గోదావరి పులస పేరుతో అమ్ముడుపోతుంది. ఎవరి నది ఎవరికి అమ్ముతున్నామో తెలియని వ్యాపారం.

ఈ చెరువుల నీరంతా చివరికి కలిసేది మురుగు కాలువల్లోనే, ఏళ్ళలోనే. ఇక్కడే ఆ గంప ముందు కూచున్న పెద్దావిడ ప్రశ్న నాకు మళ్ళీ ముఖ్యమవుతుంది. మట్టివాసన మందు కాదు, విషం కాదు. తింటే ఏమీ కాదు. పులుసుతో లొంగుతుంది. మట్టి కాని వాసన వస్తేనే అసలు భయం. 2016లో భీమవరం దగ్గర తుందుర్రు, జొన్నలగరువు చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఆక్వా పార్కు వద్దని రోడ్డెక్కారు, 144 సెక్షన్ కింద రోజులు గడిపారు. వాళ్ళ భయం గొంతేరు కాలువ గురించి. ఆ కాలువలో వల వేసి బతికేవాళ్ళకి నీటి నాణ్యత తెలియడానికి ప్రయోగశాల రిపోర్టు అక్కర్లేదు. రాత్రి కూరలో తెలుస్తుంది. కానీ ఆ తెలివిని సాక్ష్యంగా తీసుకునే ఆఫీసు ఏదీ లేదు. "మా నాలుకకి తెలుస్తోందండీ" అన్న మాట ఏ ఫైల్లో ఎక్కుతుంది?

హైదరాబాదులో మా అపార్టుమెంటు కింద షాపులో చేప ముక్కలు ప్యాకెట్లో వస్తాయి. కడిగి, తోలు తీసి, వాసన లేకుండా. సౌకర్యమే, నేనూ కొంటాను. ఆ ప్యాకెట్ మీద బరువు ఉంటుంది, ధర ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది. ఏ నీరో ఉండదు. నా వయసువాళ్ళం కొన్నాళ్ళకి ఆ ప్రశ్న అడగడమే మరిచిపోతాం. చేపకి రుచి తగ్గడం చిన్న నష్టం. నది ఎలా ఉందో నాలుకతో చెప్పగలిగే మనుషులు తగ్గడం పెద్ద నష్టం.

ఇంకొకటి. మనం వద్దంటున్న ఆ మట్టే ఇప్పుడు తక్కువవుతోంది. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990లకల్లా దాదాపు మూడో వంతుకి పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో రాశారు. ఎగువన కట్టిన డ్యాముల్లో అది ఆగిపోతోంది. డెల్టా అంటేనే నది తెచ్చి పోసిన మట్టి. పోయడం తగ్గితే సముద్రం కోసుకుపోతుంది. నరసాపురం మండలంలోనే చినమైనవానిలంక, పెదమైనవానిలంకల్లో ఒడ్డు ఎలా వెనక్కి జరుగుతోందో అక్కడివాళ్ళు వేలు పెట్టి చూపిస్తారు. ఫలానా కొబ్బరితోట అక్కడుండేది అని చూపిస్తే మనకి నీళ్ళే కనపడతాయి.

కథల్లో మట్టివాసన మెచ్చుకునేవాళ్ళం ఆ వాసన పడని చేపని ఏరుకుంటున్నాం. అందులో తప్పేమీ లేదు, నాకూ మొగ చేపే ఇష్టం. కానీ ఈసారి ఎవరైనా ఒక పుస్తకంలో మట్టివాసన ఉందని రాస్తే, నాకు ఆ గంప ముందు నేర్చుకున్న ప్రశ్నే అడగాలనిపిస్తుంది. ఏ మట్టండీ? మొగదా, కాలువదా? పొద్దుటి పాటుకి పడిందా, వేసవిలో నిలవనీటిలో ముగ్గిందా? దాన్ని రాసినాయనకి తెలుసా, లేకపోతే ప్యాకెట్లో కొన్నాడా?